గని తవ్విన నేలలో మళ్ళీ పచ్చిక

నేనైతే ముందు పైమట్టి సంగతే అడుగుతాను. తవ్వకానికి ముందే దాన్ని విడిగా తీసి, రెండు మీటర్లు మించని కుప్పలుగా పోయించాలి. ఎత్తు పెరిగితే లోపల గాలి ఆడక మట్టిలో జీవం తగ్గిపోతుంది.

గోతులు పూడ్చాక బరువైన యంత్రాలు తిరగడంతో నేల రాయిలా బిగుసుకుంటుంది. ఇక్కడ మాత్రం తొందరపడకండి. పైమట్టి పరిచే ముందే రిప్పర్‌తో (యంత్రం వెనక ఉండి నేలను లోతుగా చీల్చే ఇనుప కొండి) అర మీటరు లోతు చీల్చాలి, అదీ నేల పొడిగా ఉన్నప్పుడే. తడిలో చీలిస్తే రిప్పర్ కొండి వెళ్ళిన చోట మట్టి పగలకుండా నున్నగా మెత్తుకుపోతుంది. గుంట తవ్వి ఆ గోడను వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ నునుపును వేర్లు సులువుగా దాటలేవు.

మట్టి పరీక్ష తప్పనిసరి. ఆమ్లగుణం ఉంటే సున్నం, సోడియం ఎక్కువైతే జిప్సం.

పూడ్చిన నేల కొన్నేళ్ళపాటు ఎగుడుదిగుడుగా కుంగుతుంది. అందుకే మొదట్లో కాలువ పారకం వద్దంటాను. పల్లంలో నీళ్ళు నిలిచి, మెరక ఎండిపోతుంది. స్ప్రింక్లర్లతో కొద్దికొద్దిగా, తరచుగా తడపండి. కుంగడం ఆగాక చదును చేసుకోవచ్చు.

గడ్డితోపాటు పప్పుజాతి పశుగ్రాసం కలిపి చల్లండి. ఆ విత్తనానికి తగిన రైజోబియం (వేర్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) పట్టించడం మరవొద్దు. ఇలాంటి నేలలో నత్రజని చాలా తక్కువ.

పశువుల్ని వదిలే ముందు గడ్డిని గుప్పెట పట్టి గట్టిగా లాగండి. వేరుతో ఊడొస్తే ఇంకా ఆగాలి. తెగితే వదలొచ్చు, అదీ నేల ఆరి ఉన్నప్పుడు, కాసేపే.