ఇంట్లో వైఫై పేరు మార్చడం ఎలా?

వైఫై పేరు మార్చడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఒక్కో వస్తువునూ మళ్లీ కలుపుకోవడానికి మాత్రం ఒక పూట పట్టొచ్చు. ఫోనుకు గానీ టీవీకి గానీ మీ నెట్‌వర్క్‌ను గుర్తుపట్టే ఆనవాలు దాని పేరే. అది మారిందంటే వాటి లెక్కలో పాత నెట్‌వర్క్ మాయమైపోయి, ఊరూ పేరూ తెలియని కొత్తదొకటి వెలిసినట్టు. పాస్‌వర్డ్ పాతదే ఉంచినా అంతే. అందుకే ఈ పనిలో జాగ్రత్త కావలసింది మార్చే ఆ రెండు నిమిషాల్లో కాదు, దానికి ముందూ వెనకా.

ముందుగా లెక్క తీయండి

వైఫై మీద నడిచే వస్తువులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి ప్రింటర్, కెమెరా, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, ఏసీ, కాలింగ్ బెల్ లాంటివి. రూటర్ పేజీలో (అందులోకి వెళ్లే దారి కింద ఉంది) "కనెక్టెడ్ డివైజెస్" అనే జాబితా ఉంటుంది, పేరు మార్చేముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏది తిరిగి రాలేదో దాన్ని చూసి తేల్చవచ్చు.

పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకోండి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. పని చెడితే వెనక్కి రావడానికి ఇదే దారి.

ప్రతి పరికరానికీ నెట్‌వర్క్‌లో గుర్తింపు సంఖ్యలాంటి మ్యాక్ అడ్రస్ ఒకటి ఉంటుంది. రూటర్‌లో దాన్ని చూసి వడపోసే మ్యాక్ ఫిల్టర్ పెట్టి, కొన్ని పరికరాలకే అనుమతి ఇచ్చి ఉంటే ఇప్పుడే దాన్ని ఆపేయండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మారుపేరు లాంటి అడ్రస్ వాడుతున్నాయి. మీరు పేరు మార్చగానే ఫోను కొత్త అడ్రస్‌తో వస్తుంది, ఫిల్టర్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా ఎందుకు కలవడం లేదో అంతుబట్టదు. పిల్లల ఫోనుకు పెట్టిన టైమ్ లిమిట్లు, ఫలానా పరికరానికి ఫలానా ఐపీ అని కట్టిపెట్టిన రిజర్వేషన్లు కూడా ఇదే కారణంతో పనిచేయడం మానేస్తాయి. వాటిని కొత్త అడ్రస్‌తో మళ్లీ పెట్టుకోవాలి.

ఎలాంటి పేరు పెట్టాలి

వైఫై పేరుకు హద్దు 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు కాబట్టి 32 అక్షరాలు పడతాయి. తెలుగులో పెట్టాలనుకుంటే లెక్క వేరు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పోతాయి. "మా ఇల్లు" అనే చిన్న పేరునే చూడండి: మ, దీర్ఘం, ఇ, ల, పొల్లు, ల, కొమ్ము కలిపి ఏడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, మధ్యలో ఖాళీకి ఒకటి, మొత్తం 22 బైట్లు. "మా ఇల్లు" పక్కన ఇంకో మూడు గుర్తులు మాత్రమే పడతాయి. పైగా కొన్ని రూటర్లు ఇంగ్లిష్ తప్ప వేరే భాషల అక్షరాలు తీసుకోవు. తీసుకున్నా పాత ప్రింటర్ల చిన్న తెరల మీద ఆ పేరు పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. తెలుగు పేరు చూసుకోవాలన్న ముచ్చట మంచిదే. అయితే ఇంట్లో పాత పరికరాలు ఉంటే, తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం నయం.

ప్రత్యేక గుర్తుల జోలికి పోకండి. 2021లో శాతం గుర్తులు వరుసగా ఉన్న ఒక వైఫై పేరుకు కలవగానే ఐఫోన్లలో వైఫై మొత్తం పనిచేయకుండా పోయింది. ఆపిల్ దాన్ని సరిచేసింది గానీ, మామూలు అక్షరాలు, అంకెలు, చిన్న అడ్డగీతతో పోయేదానికి ఆ తలనొప్పి ఎందుకు? పేరు చివర ఖాళీ పడకుండా చూసుకోండి. కంటికి కనపడదు, కానీ దానితో అది వేరే పేరైపోతుంది.

ఇంటి పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు పేరులో పెట్టవద్దు. రూటర్ ఆ పేరును సెకనుకు దాదాపు పదిసార్లు గాలిలో చాటింపు వేస్తూనే ఉంటుంది, వీధిలో నడిచే ఎవరి ఫోనులోనైనా కనిపిస్తుంది. రూటర్ కంపెనీ, మోడల్ పేరు కూడా తీసేయడమే మేలు.

పేరు నలుగురూ వాడేది కాకూడదనడానికి ఇంకో కారణం ఉంది. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో ఇళ్లలో ఎక్కువగా ఉండే డబ్ల్యూపీఏ2 మీ పాస్‌వర్డును నేరుగా తాళంగా వాడదు. దాన్ని వైఫై పేరుతో కలిపి 4096 సార్లు నూరి తాళం తయారుచేస్తుంది. కంపెనీ ఇచ్చిన మామూలు పేరు ఎన్నో ఇళ్లలో ఒకటే కాబట్టి, ఆ పేరుకు తేలిక పాస్‌వర్డులతో తాళాలన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవడం దొంగలకు గిట్టుబాటవుతుంది. మీ ఒక్కరిదే అయిన పేరుకు ఆ ముందస్తు సరుకు పనికిరాదు. అంతమాత్రాన బలహీనమైన పాస్‌వర్డ్ గట్టిపడిపోదు, అది విడిగా గట్టిగానే ఉండాలి.

గూగుల్, ఆపిల్ తమ లొకేషన్ సేవల కోసం వైఫై రూటర్ల ఉనికిని నమోదు చేసుకుంటాయి. మీది అందులో ఉండకూడదనుకుంటే పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, వెంటనే ఎన్, ఓ, ఎం, ఏ, పి అనే ఐదు ఇంగ్లిష్ చిన్నక్షరాలు చేర్చండి. ఈ ఆరూ కూడా 32లో భాగమే.

రూటర్ పేజీలోకి వెళ్లడం

మీ రూటర్‌కు కంపెనీ యాప్ ఉంటే అందులోనే వైఫై సెట్టింగ్స్‌లో పేరు మార్చుకోవచ్చు. ఇల్లంతా సిగ్నల్ అందేలా రెండు మూడు యూనిట్లు కలిసి పనిచేసే మెష్ సెట్లకు ఎక్కువగా యాపే దారి. యాప్ లేకపోతే బ్రౌజర్‌తో వెళ్లాలి.

1. రూటర్‌కు ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో కలపండి. పేరు మారిన క్షణంలో వైఫై తెగిపోతుంది, కేబుల్ మాత్రం తెగదు. కేబుల్ లేకపోతే వైఫైతోనే కానివ్వండి. ఫోనుతో చేస్తుంటే మొబైల్ డేటా, వీపీఎన్ రెండూ ఆపేయండి. లేదంటే ఫోను రూటర్ పేజీని బయటి ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చుంటుంది.

2. రూటర్ అడ్రస్ తెలుసుకోండి. ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. ఊహించేకంటే చూసుకోవడం మంచిది. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న "ఐ" గుర్తు నొక్కితే "రూటర్" అన్న చోట ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు వివరాల్లో "గేట్‌వే" అని చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే "డిఫాల్ట్ గేట్‌వే" ఎదురుగా వస్తుంది.

3. ఆ అంకెలను బ్రౌజర్ పైభాగంలోని అడ్రస్ పట్టీలో కొట్టండి. సెర్చ్ పెట్టెలో కొడితే ఫలితాలే తప్ప పేజీ రాదు. "ఈ సైటు సురక్షితం కాదు" అని హెచ్చరిక రావచ్చు. గేట్‌వేగా చూపించిన అడ్రస్సే కొట్టి ఉంటే అది మీ రూటరే, ముందుకు వెళ్లవచ్చు.

4. లాగిన్ అవ్వండి. ఇక్కడ అడిగేది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రూటర్ అడుగున లేదా వెనకాల ఉన్న స్టిక్కర్ చూడండి, వైఫై వివరాలకు విడిగా లాగిన్ వివరాలు ఇంకో వరుసలో ఉంటాయి. నాలుగైదు సార్లు తప్పు కొడితే కొన్ని రూటర్లు కొంతసేపు తలుపు మూసేస్తాయి, ఆగి మళ్లీ ప్రయత్నించండి.

పేరు మార్చడం

"వైర్‌లెస్", "వైఫై" లేదా "డబ్ల్యూలాన్" అనే మెనూ తెరవండి. అందులో "నెట్‌వర్క్ నేమ్" లేదా "ఎస్ఎస్ఐడీ" అన్న గడిలో పాత పేరు ఉంటుంది. చెరిపి కొత్తది రాయండి.

ఇలాంటి గడులు రెండు కనిపిస్తే అవి వైఫై ప్రసారమయ్యే రెండు బ్యాండ్లవి: ఒకటి 2.4 గిగాహెర్ట్జ్‌ది, ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్‌ది. రెంటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఏది ఎప్పుడు వాడాలో ఫోనే చూసుకుంటుంది, ఇంట్లో తిరిగేవాళ్లకు అదే హాయి. స్మార్ట్ బల్బులు, కెమెరాలు ఎక్కువగా ఉంటే మాత్రం విడి పేర్లే సుఖం, ఎందుకంటే వాటిలో చాలావాటికి 2.4 తప్ప వేరేది అందదు. విడిగా పెట్టాలంటే ముందు "స్మార్ట్ కనెక్ట్" లేదా "బ్యాండ్ స్టీరింగ్" అన్నది ఆపాలి, అప్పుడే రెండో గడి కనిపిస్తుంది.

పేజీలో మిగతావి కదపవద్దు. సెక్యూరిటీ వరుసలో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉందా, పాస్‌వర్డ్ గడి ఖాళీ కాలేదు కదా అని ఒకసారి చూసుకుని "సేవ్" లేదా "అప్లై" నొక్కండి. "హైడ్ ఎస్ఎస్ఐడీ" అని ఇంకోటి కనిపిస్తుంది, దాన్ని వాడమని చెప్పం. పేరు దాచినంత మాత్రాన వెతికేవాడికి అది దొరక్కుండా పోదు. పైగా మీ ఫోను బయట ఎక్కడికెళ్లినా ఆ దాచిన పేరును పిలుచుకుంటూ తిరుగుతుంది.

సేవ్ చేశాక పేజీ స్తంభించినట్టు కనిపిస్తుంది. కంగారుపడి ప్లగ్గు పీకకండి, వైఫై భాగం మళ్లీ మొదలవుతోంది, అంతే. 5 గిగాహెర్ట్జ్ పేరు ఇంకాస్త ఆలస్యంగా కనిపిస్తే అదీ లోపం కాదు. రాడార్లు వాడే కొన్ని ఛానెళ్లలో రూటర్ ప్రసారం మొదలుపెట్టేముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలన్నది నియమం.

మళ్లీ కలుపుకోవడం

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తేలిక: వైఫై జాబితాలో కొత్త పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టండి, పాత పేరును "ఫర్గెట్" చేయండి. విండోస్ కొత్త పేరును కొత్త చోటుగా భావించి "పబ్లిక్" కింద పెట్టవచ్చు, అప్పుడు ప్రింటర్, షేర్ చేసిన ఫోల్డర్లు కనిపించవు. ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో "ప్రైవేట్" ఎంచుకుంటే సరిపోతుంది.

తెర లేని వస్తువులే అసలు శ్రమ. బల్బులు, ప్లగ్గులు, కెమెరాల్లో చాలావాటిని రీసెట్ చేసి, వాటి యాప్‌లో మొదటిసారి కలిపినట్టే కలపాలి. ఇలాంటివి డజను ఉంటే ఇంకో మార్గం ఉంది. ముందు అసలు నెట్‌వర్క్‌కు కొత్త పేరు పెట్టి సేవ్ చేయండి. ఆ తర్వాత 2.4 గిగాహెర్ట్జ్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫై) తెరిచి దానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, అదే సెక్యూరిటీ రకం పెట్టండి. బల్బులకు మార్పు జరిగినట్టే తెలియదు, వాటంతటవే కలుస్తాయి. ఒక చిక్కు ఉంది: గెస్ట్‌లో ఉన్నవి ఇంటి నెట్‌వర్క్‌లోని వాటితో మాట్లాడలేవు. ఫోను నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వడం లాంటి పనులు జరగవు కాబట్టి ప్రింటర్‌ను కొత్త పేరులోకే తీసుకురండి. ఫోన్లలో పాత పేరును ఫర్గెట్ చేయకపోతే అవీ గెస్ట్‌లోకే దూరతాయి.

వైఫైని దూరపు గదులకు అందించే రేంజ్ ఎక్స్‌టెండర్ ఉంటే అది ఇంకా పాత పేరు కోసమే ఎదురుచూస్తుంటుంది. దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త పేరు ఎంచుకోవాలి. లేదా రూటర్ మీద, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపు ఎక్స్‌టెండర్ మీదా నొక్కాలి. మెష్ సెట్లకు ఈ బాధ లేదు, ప్రధాన యూనిట్‌లో మారిస్తే మిగతావి అందుకుంటాయి.

పని చెడినప్పుడు

కొత్త పేరు కనిపిస్తోంది గానీ కలవడం లేదంటే, ఫోనులో దాన్నే ఫర్గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి. పక్కింటివాళ్లదీ అదే పేరైతే ఫోను మీ పాస్‌వర్డుతో వాళ్ల రూటర్‌కు కలవబోయి తిరస్కారం తెచ్చుకుంటుంది. పేరులో ఒక అంకె మార్చండి.

ఒక్క పాత పరికరమే కొత్త పేరును చూడలేకపోతే పేరులో ఖాళీ గానీ, తెలుగు గానీ, గుర్తు గానీ ఉందేమో చూడండి. అవేవీ లేకపోతే సెక్యూరిటీ ఉత్త డబ్ల్యూపీఏ3 మీద ఉందేమో చూసి, రెండూ కలిసిన డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3కు మార్చండి.

రూటర్ ఆపి వేస్తే పాత పేరే తిరిగి వస్తోందంటే, సేవ్ కాలేదన్నా కావాలి, ఇంటర్నెట్ కంపెనీ దూరం నుంచి తన సెట్టింగ్స్ రుద్దుతోందన్నా కావాలి. రెండోదైతే వాళ్ల యాప్‌లో గానీ, కస్టమర్ కేర్‌కు చెప్పి గానీ మార్పించాలి.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతకీ దొరక్కపోతే చివరి మార్గం రూటర్ వెనకాల ఉండే చిన్న రంధ్రం. కరెంటు ఉండగానే అందులో సన్నటి పిన్నుతో సుమారు పది సెకన్లు నొక్కి పడితే, లైట్లన్నీ ఆరి వెలిగి, స్టిక్కర్ మీది పేరు, పాస్‌వర్డులే మళ్లీ వస్తాయి. కానీ కొన్ని కనెక్షన్లకు రూటర్ లోపల కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎక్కించి ఉంటాయి. రీసెట్‌తో అవీ చెరిగిపోయి ఇంటర్నెట్టే ఆగిపోతుంది. ఆ రెండూ చేతిలో పెట్టుకున్నాకే పిన్ను పెట్టండి.