వరదల ముందు ఫోటోల సైజు తగ్గిస్తున్నారా? అసలు ఫోటో జోలికి వెళ్లకండి

పోయిన వరదల్లో కోనసీమలో గోదావరి మధ్య ఉన్న లంకల్లో మాకు తెలిసిన వాళ్ల ఇల్లు మునిగింది. బీరువాలో పొలం కాగితాలు నాని ముద్దయిపోయాయి. ఫోన్లో ఫోటోలు ఉన్నాయి కదా అని ధైర్యంగానే ఉన్నారు. తీరా తెరిచి, సర్వే నంబరు దగ్గర వేళ్లతో పెద్దది చేసి చూస్తే బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ లేవు. చివరి అంకె 3 అవునో 8 అవునో తేలలేదు. ఫోన్ నిండిపోయిందని అంతకుముందే ఇంట్లో కుర్రాడు ఒక యాప్ పెట్టి గ్యాలరీ మొత్తం సైజు తగ్గించేశాడు. ఆ యాప్ విడిగా కాపీ తీయలేదు, పాత ఫోటో మీదే సేవ్ చేసింది.

రిజిస్టరైన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. అమ్మమ్మ పెళ్లి ఫోటోకి నకలు ఎవరిస్తారు?

సైజు తగ్గించడం తప్పేమీ కాదు. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలు (పిక్సెల్స్). ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. కొన్ని దరఖాస్తులకేమో 50 కేబీ లోపు అడుగుతారు. తగ్గించాల్సిందే, కానీ కాపీని తగ్గించండి. జేపీజీ అంటే మామూలుగా ఫోటోలు సేవ్ అయ్యే ఫైలు రకం. సైజు తగ్గేటప్పుడు అది కంటికి పెద్దగా ఆనదనుకున్న వివరాన్ని పారేస్తుంది. సన్న అక్షరాలు, స్టాంపు అంచులు ముందు పోయేవి. పారేసింది మళ్లీ రాదు. తర్వాత ఏ యాప్‌తో 'క్లియర్' చేసినా అది ఊహించి గీసిన అంకే తప్ప మీ కాగితం మీది అంకె కాదు.

అందుకే ముందు అసలు ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. దాన్ని లంకలో కాకుండా ఏటిగట్టుకి ఇవతల, అమలాపురంలోనో రాజోలులోనో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి. ఆ తర్వాతే ఫోన్లో కాపీలు తీసి తగ్గించుకోండి. ముందు కొలతలు, అంటే చుక్కల లెక్క తగ్గించండి, చాలకపోతేనే క్వాలిటీ. ఫోన్లో చూసుకునే ఫోటోకి పొడవు వైపు 1600 చుక్కలు చాలు. కాగితాలకి ఆ లెక్క పనికిరాదు, వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

గూగుల్ ఫోటోస్‌తో ఇంకో ప్రమాదం ఉంది. బ్యాకప్ 'స్టోరేజ్ సేవర్'లో ఉంటే గూగుల్ దగ్గరకి వెళ్లేది తగ్గించిన కాపీ. ఆ తర్వాత 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే ఫోన్లోని అసలు ఫోటో పోతుంది. రెండూ వాళ్లు ఇచ్చిన బటన్లే, కలిపి నొక్కితే మాత్రం మీకు మిగిలేది నకలే. మళ్లీ చెబుతున్నాను, అసలు ఫోటో ఎక్కడుందో చూసుకున్నాకే ఏదైనా డిలీట్ చేయండి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అప్పటికి ఈ పని అయిపోయి ఉండాలి. కరెంటు పోయి, కాజ్‌వేలు మునిగాక ఫోన్ ఛార్జింగ్ మనుషులని పిలవడానికి కావాలి.

ఇంకా:

గ్యాలరీ మొత్తం ఒకేసారి తగ్గించే యాప్ పెట్టుకోవద్దు.

'రీప్లేస్', 'ఓవర్‌రైట్' అని అడిగితే వద్దనండి.

ఒకసారి తగ్గించిన దాన్ని మళ్లీ తగ్గించొద్దు. ప్రతిసారీ అసలు నుంచే కొత్త కాపీ తీయండి.

వాట్సాప్‌లో కాగితం ఫోటో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే చిన్నదవుతుంది.

స్క్రీన్‌షాట్ బ్యాకప్ కాదు.

జేపీజీలని జిప్ చేస్తే సైజు దాదాపు తగ్గదు, టైమ్ వేస్ట్.

ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు ముక్కూమొహం తెలియని కంప్రెస్ సైట్లలో ఎక్కించొద్దు.

మునిగిన చేను, చేపల చెరువు ఫోటోలు నష్టానికి రుజువు, వాటిని అసలే తగ్గించొద్దు. తీసిన తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా ఆ ఫైల్లోనే ఉంటాయి. తగ్గించేటప్పుడు చాలా యాప్‌లు వాటిని తుడిచేస్తాయి.

దరఖాస్తు కోసం తగ్గించిన ప్రతి కాగితం ఫోటోనీ తెరిచి, పెద్దది చేసి, అంకెలు పైకి చదవండి. చదవలేకపోతే ఆ కాపీ తీసేసి మళ్లీ చేయండి. అసలు ఫోటో మాత్రం డిలీట్ చేయొద్దు.