కొత్త కార్డుకి అప్లై చేసే ముందు బిల్లు తేదీ సరిచూసుకున్నాను

నెలనెలా క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టేస్తున్నా సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగా కడుతున్నామో చెప్పే మార్కు) ఎందుకు తగ్గిందో అంతుపట్టలేదు. మంచి రివార్డులిచ్చే కార్డుకి మారదామనుకుంటుండగా ఈ టెన్షన్ ఒకటి! సిబిల్ రిపోర్టు తెరిస్తే అసలు సంగతి తెలిసింది. రూ.1,00,000 లిమిట్ ఉన్న కార్డు మీద రూ.78,000 బాకీ చూపిస్తోంది. అది బాబు స్కూలు ఫీజు. గడువులోపే కట్టాను, కానీ బ్యాంకు నుంచి సిబిల్‌కి వెళ్లింది బిల్లు తయారైన రోజు లెక్క. లిమిట్‌లో ఎక్కువ భాగం వాడేస్తే స్కోరుకి దెబ్బే.

మరుసటి నెల బిల్లు పడకముందే యాప్‌లో చాలావరకు కట్టేశాను. బాకీ రూ.6,000కి దిగింది. బ్యాంకులు పదిహేను రోజులకోసారి సిబిల్‌కి వివరాలు పంపాలని 2025 జనవరిలో ఆర్‌బీఐ నిబంధన అమల్లోకి వచ్చింది కాబట్టి రిపోర్టు త్వరగానే మారింది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్లై చేసినప్పుడు బ్యాంకు చూస్తేనే కాస్త తగ్గుతుంది. అందుకే ఒక్కచోటే అప్లై చేశాను, వచ్చింది.

అప్లై చేసే నెల ఎంచుకోవడంలో ఇంకో లెక్క కూడా ఉంది. వెల్‌కమ్ బోనస్ కావాలంటే మొదట్లోనే ఇంత ఖర్చు చేయాలని షరతు. చెల్లి పెళ్లి బట్టలు కొనే ముందే కార్డు చేతికొచ్చేలా చూసుకున్నాను. చాలా కార్డుల్లో అద్దెకీ పెట్రోలుకీ పాయింట్లు రావు, చూసుకోండి. హోమ్ లోన్ ఆలోచన ఉంటే మాత్రం అది శాంక్షన్ అయ్యేదాకా కార్డు జోలికి పోకండి.

పాత కార్డుకి ఫీజు లేదు. దాన్ని అలాగే ఉంచాను.