నీళ్లు పడిన ల్యాప్‌టాప్: బాగుచేయించాలా, వదిలేయాలా?

నీళ్లు పడ్డాక ఆన్ చేసి చూడొద్దు. తడి మీద కరెంటు పారడం వల్లే చాలా మదర్‌బోర్డులు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డులు) పోతాయి. అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బియ్యంలో పెట్టడం దండగ, ఈలోగా తుప్పు పెరుగుతుంది. బోర్డు మీది ఆకుపచ్చ, తెల్లటి తుప్పు మరకల్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తోమి పూర్తిగా ఆరనివ్వండి. చక్కెర టీ అయితే చిప్‌ల కిందకీ పాకుతుంది, బోర్డు బయటికి తీయక తప్పదు.

తర్వాత మల్టీమీటర్ (వోల్టేజీ, రెసిస్టెన్స్ కొలిచే పరికరం)తో పరీక్ష. చార్జర్ నుంచి వచ్చే 19 వోల్టుల లైనుకీ గ్రౌండ్‌కీ (బోర్డు మైనస్ వైపుకీ) మధ్య దాదాపు సున్నా ఓమ్స్ వస్తే షార్టు, అంటే కరెంటు అడ్డదారి పట్టినట్టు. తరచుగా ఒక్క కెపాసిటరే (బోర్డు మీది చిన్న భాగం) కారణం, మార్పించొచ్చు. ప్రాసెసర్ కింద తుప్పుంటే ఖర్చు పెట్టకండి. రిపేరు ఖర్చు అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగం దాటితే నేను వద్దనే చెబుతాను. ఫైళ్లు ఉండే ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికి ఉంటే మాత్రం లెక్క వేరు: ఫైళ్లు కావాలంటే బోర్డును బతికించాల్సిందే.