నెదర్లాండ్స్‌లో వానా, సైకిలూ: ముందు ప్యాంటు కొనండి

డెల్ఫ్ట్‌కు చదువుకో, ఐండ్‌హోవెన్‌కు ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదట ఖరీదైన జాకెట్ కొంటారు. నన్నడిగితే ముందు కొనాల్సింది రెయిన్ ప్యాంటు. సైకిల్ తొక్కేటప్పుడు వాన నేరుగా పడేది తొడల మీద, మోకాళ్ల మీద. జాకెట్ మీద జారిన నీళ్లు కూడా ఒళ్లోకే వస్తాయి. తడిసిన జీన్స్‌తో క్లాసులో కూర్చుంటే సాయంత్రానికి కూడా ఆరదు.

ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 850 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లోనూ కాస్త అటూఇటూగా అంతే. కాకపోతే అక్కడ చాలావరకు జూన్, సెప్టెంబరు మధ్యే కురిసేస్తుంది, ఇక్కడ పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటుంది. అందుకే వానను చూసి సెలవు పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. బయల్దేరే ముందు బుయెన్‌రాడార్ యాప్ చూడండి. జల్లు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో అందులో తెలుస్తుంది, పావుగంట ఆగితే చాలాసార్లు పనైపోతుంది. తొక్కుతూ మాత్రం ఫోన్ చేత్తో పట్టుకోకండి, 2019 జులై నుంచి అది నేరం, జరిమానా పడుతుంది.

జాకెట్, ప్యాంటు కలిపి రేఖెన్‌పాక్ అనే జత హేమా, డెకాత్లాన్ దుకాణాల్లో దొరుకుతుంది. ప్యాంటు కాలి దగ్గర జిప్పో వెల్క్రోనో ఉండాలి, అప్పుడే బూట్లు విప్పకుండా తొడుక్కోగలరు. కొనేముందు వేసుకుని మోకాలు పైకెత్తి చూడండి. అంచు పిక్కల దాకా జరిగిపోతే ఒక సైజు పెద్దది తీసుకోండి. నీళ్లు బొత్తిగా దిగని చవక రకంలో గాలీ ఆడదు, బయట వాన, లోపల చెమట! కాబట్టి లోపల స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వద్దు.

తల మీంచి దుప్పటిలా వేసుకునే పాంచో తేలిగ్గానే ఉంటుంది కానీ ఎదురుగాలికి తెరచాపలా ఉబ్బుతుంది. పైగా వెనకాల వేలాడి ఎర్ర లైటును కప్పేస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే దేశంలో అది ప్రమాదం. పొడుగు జాకెట్‌తో కూడా ఒకసారి వెనక్కి చూసుకోండి. ఒంటి చేత్తో గొడుగు పట్టుకుని దూసుకుపోయే డచ్చివాళ్లు కనిపిస్తారు. వాళ్లు పుట్టుకతోనే సైకిలెక్కినవాళ్లు, మనకొద్దు.

హుడ్ వేసుకుంటే పక్కలు కనపడవు, మలుపులో వెనక్కి చూసేటప్పుడు తల పూర్తిగా తిప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు హుడ్ కింద ముందంచున్న టోపీ పెట్టుకుంటే అద్దాల మీద చినుకులు తగ్గుతాయి. చున్నీ వేసుకునేవాళ్లు దాన్ని జాకెట్ లోపలికి దోపుకోవాలి. చక్రంలో చుట్టుకుంటే చాలా ప్రమాదం. బూట్ల మీదికి తొడుగులు అమ్ముతారు, లేదంటే బ్యాగులో ఒక జత సాక్సులు వేసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో తడి ట్రామ్ పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం జారుతుంది, వీలైనంత అడ్డంగా దాటండి.

ఇంటికి రాగానే రెయిన్‌కోటును మడిచి మూల పడేయకుండా ఆరేయండి. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాడే కండిషనర్ కలపొద్దు, కలిపితే ఆ బట్ట నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది.