స్విచ్‌లో హోస్ట్‌బేస్డ్ ఎస్‌ఎస్‌హెచ్ పెట్టినా పాస్‌వర్డ్ అడుగుతోందా?

సమస్య: లైనక్స్ సర్వర్ నుంచి డెల్ ఓఎస్9 స్విచ్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా వెళ్లాలని హోస్ట్‌బేస్డ్ ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్ కీ, ఐపీ చూసి రానిచ్చే రిమోట్ లాగిన్) పెట్టారు. ఎస్‌హోస్ట్స్ (సర్వర్ కీ ఉండేది), ఆర్‌హోస్ట్స్ (రానివ్వాల్సిన ఐపీ, యూజర్ పేరు ఉండేది) ఫైళ్లు స్విచ్ ఫ్లాష్‌లోకి కాపీ చేశారు, వాటిని హోస్ట్‌బేస్డ్‌కి బైండ్ (జత) కూడా చేశారు. అయినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసిన వాళ్లకైతే నేరుగా పర్మిషన్ డినైడ్.

దయచేసి పని అయ్యేదాకా పాస్‌వర్డ్ లాగిన్ ఆపకండి, కన్సోల్ కేబుల్ తీయకండి.

ముందు స్విచ్‌లో షో ఐపీ ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి హోస్ట్‌బేస్డ్ ఎనేబుల్ అయిందో లేదో చూడండి. ఫైళ్లు బైండ్ చేసి ఈ ఒక్క లైను మర్చిపోయేవాళ్లే ఎక్కువ, ఎంత చెప్పినా ఇది చూడకుండానే కీలు మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంటారు. తర్వాత సర్వర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి డ్యాష్ వీ (జరిగేది వివరంగా చూపించే ఆప్షన్) పెట్టి కనెక్ట్ అవ్వండి. కీసైన్ (సర్వర్ హోస్ట్ కీతో సంతకం చేసే ప్రోగ్రామ్) నాట్ ఎనేబుల్డ్ అని వస్తే క్లయింట్ వైపు, అంటే ఇక్కడ లైనక్స్ సర్వర్‌లో, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఎనేబుల్ ఎస్‌ఎస్‌హెచ్ కీసైన్ యెస్ అని పెట్టాలి, అదీ హోస్ట్ సెక్షన్ల కింద కాదు, పైన అందరికీ వర్తించే చోట.

ఇవన్నీ బాగానే ఉండి కూడా లోపలికి రానివ్వకపోతే, నన్ను బాగా ఏడిపించిన కారణం ఇదే: సోర్స్ ఐపీ. ఫైళ్లలో మీరు రాసింది 10.10.20.5, కానీ సర్వర్‌కి రెండో ఇంటర్‌ఫేసో వీపీఎన్నో వచ్చి రూటు మారడంతో కనెక్షన్ 10.10.30.5 నుంచి బయల్దేరుతోంది. పింగ్ వస్తుంది, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంది, కీ కూడా సరైనదే, అందుకే అనుమానం అటు పోనే పోదు. స్విచ్ మాత్రం కనెక్షన్ వచ్చిన అడ్రస్‌నే ఫైళ్లలో వెతుకుతుంది, అక్కడ అది లేదు. నిన్నటిదాకా పనిచేసింది, స్విచ్‌ని ఎవరూ ముట్టుకోలేదు అంటున్నారంటే నేను మొదట అనుమానించేది దీన్నే. పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి షో యూజర్స్ కొట్టండి, లొకేషన్ కాలమ్‌లో మీ సర్వర్ ఏ అడ్రస్‌తో వచ్చిందో కనిపిస్తుంది. సర్వర్ వైపునైతే ఐపీ రూట్ గెట్ అని కొట్టి పక్కన స్విచ్ అడ్రస్ ఇస్తే ఎస్‌ఆర్‌సీ దగ్గర అదే చెబుతుంది.

సరిచేయడానికి రెండు దారులు. సర్వర్‌లో ఆ స్విచ్‌కి హోస్ట్ సెక్షన్ రాసి బైండ్ అడ్రస్‌గా పాత ఐపీ పెట్టడం ఒకటి, ఒక్కసారి పరీక్షకైతే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌లో డ్యాష్ బీ పక్కన ఆ ఐపీ ఇస్తే చాలు. రెండోది, కొత్త ఐపీని కూడా ఫైళ్లలో చేర్చడం, కానీ రెండు ఫైళ్లలోనూ చేర్చాలి: ఆర్‌హోస్ట్స్‌లో ఐపీ, యూజర్ పేరు, ఎస్‌హోస్ట్స్‌లో ఐపీ, సర్వర్ హోస్ట్ కీ. ఒకదాంట్లో రాసి ఇంకోటి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తారు. నేనైతే బైండ్ అడ్రస్‌కే ఓటేస్తాను, ఎందుకంటే స్విచ్‌లు ఇరవై ఉంటే ఇరవైలోనూ ఫైళ్లు మార్చే పని తప్పుతుంది. మధ్యలో నాట్ (దారిలో ఐపీని మార్చేసేది) ఉంటే హోస్ట్‌బేస్డ్ వదిలేసి యూజర్ కీ (సర్వర్‌ది కాకుండా యూజర్ సొంత కీ) పెట్టుకోండి.

ఇక అరుదైనవి. కీ కాపీ చేసేటప్పుడు లైను విరగడం, ఆర్‌హోస్ట్స్‌లో యూజర్ పేరు తప్పు పడటం చూస్తేనే తెలిసిపోతాయి. నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ అని వస్తే అది వేరే గొడవ: 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి పాత ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ సంతకాలు డీఫాల్ట్‌గా ఆగిపోయాయి, ఆ స్విచ్ వరకు మళ్లీ అనుమతించాలి.

పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్లాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, కొత్త సెషన్‌తో ఇంకోసారి చూసుకుని, అప్పుడు రైట్ మెమరీ (సెట్టింగ్‌లు సేవ్ చేసే కమాండ్) కొట్టండి.