చేపల చెరువులో పుట్టగొడుగు మందు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

కొన్ని అడవి పుట్టగొడుగుల సారం ల్యాబ్ పళ్లెంలో ఏరోమోనాస్ లాంటి చేపల రోగకారక బాక్టీరియాను పెరగనివ్వదు. అది నిజమే. ఆ మాట విని రోగం పడ్డాక చెరువులో పోస్తేనే డబ్బు దండగ. చెరువు దగ్గర పుట్టగొడుగు ఉపయోగమంతా మేతలోనే, అదీ చేప ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

సమస్య: పొట్ట ఉబ్బింది, పొలుసులు లేచాయి, రెక్కల మొదట్లో ఎర్రమచ్చలు

కారణం: చాలాసార్లు ఏరోమోనాస్ హైడ్రోఫిలా. ఈ బాక్టీరియా నీళ్లలో ఎప్పుడూ ఉండేదే. చేపపిల్ల ఎక్కువ వేసినా, ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా, ఒంటిమీద గాయమైనా అదను చూసి పైబడుతుంది. విసురు వల వేసి నాలుగు శీలావతులు పట్టి చూడండి. వెలుతురులో ఒంటిమీద వేలు జరిపితే బిళ్లలా, దాదాపు పారదర్శకంగా ఉండే పురుగు పక్కకు జారిందా? అది చేప పేను. అది కుట్టిన చోటే బాక్టీరియాకు దారి.

పరిష్కారం: ముందు పేను సంగతి చూడాలి. మేత నింపి నీళ్లలో వేలాడదీసే చిల్లుల సంచులను కట్టే కర్రలకు దాని గుడ్లు వరుసగా అంటుకుని ఉంటాయి. కర్రలు పీకి ఎండలో బాగా ఆరబెట్టండి. మేత తగ్గించండి, వీలైనంత నీరు మార్చండి. కొన ఊపిరితో ఉన్న చేపను ల్యాబ్‌కు ఇచ్చి, ఏ మందుకు ఆ బాక్టీరియా లొంగుతుందో తేల్చుకున్నాకే యాంటీబయాటిక్ జోలికి వెళ్లండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు నిషేధం. ఎవరు ఇచ్చినా వద్దు. ఈ దశలో పుట్టగొడుగు పొడి దండగ. జబ్బు చేప మేత సంచి దగ్గరికే రాదు, ఇక మందు లోపలికి వెళ్లేదెలా?

సమస్య: మొప్పలు పాలిపోయి, అంచుల్లో తెలుపు పసుపు కలిసిన కుళ్ళు

కారణం: ఫ్లావోబాక్టీరియం కాలమ్నేర్ అనే మరో బాక్టీరియా. వేడి నీళ్లు, అడుగున పేరుకున్న కుళ్ళు మట్టి దీనికి ఊతం. దీనికీ పుట్టగొడుగు జవాబు కాదు. నీరు, అడుగు బాగుచేయడం, ల్యాబ్ చెప్పిన మందు, అంతే.

సమస్య: పుట్టగొడుగు కషాయం పోశాం, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి

కారణం: లెక్క చూడండి. ఎకరం చెరువులో ఐదడుగుల నీరంటే సుమారు 60 లక్షల లీటర్లు. పళ్లెంలో పనిచేసే సారం లీటరుకు ఒక గ్రాము అనుకున్నా, ఈ చెరువుకు 6 టన్నుల సారం కావాలి. ఎండబెట్టిన పుట్టగొడుగు అంతకంటే ఎన్నో రెట్లు! మనం పోసే నాలుగు బిందెల కషాయం బాక్టీరియాను తాకదు. పోనీ అని ఎక్కువ పోస్తే అదే కుళ్ళి రాత్రి ఆక్సిజన్‌ను తినేస్తుంది.

పరిష్కారం: వెంటనే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేయండి, కొత్తనీరు పెట్టండి, ఆ రోజు మేత ఆపండి. కషాయం నీళ్లలో పోయడం మానేయండి.

సమస్య: మేతలో కలిపి నెల నుంచి పెడుతున్నా తేడా లేదు

చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే. పుట్టగొడుగులో చేప రోగనిరోధక కణాలను మేల్కొలిపేది బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థం. అది పుట్టగొడుగు కణాల గోడల్లో కైటిన్ అనే గట్టి పదార్థంతో ముడిపడి ఉంటుంది. పచ్చిది కోసి వేస్తే చాలావరకు అరగకుండానే బయటికి పోతుంది. ఎండబెట్టి మెత్తగా దంచి, గంటా రెండు గంటలు నీళ్లలో మరిగించాలి. ఆ నీళ్లూ పిప్పీ రెండూ వాడాలి.

రెండో తప్పు కలిపే తీరు. నూనె తీసిన తవుడులో పొడి చల్లి సంచిలో కడితే చిల్లుల్లోంచి సగం నీళ్లపాలు. పెల్లెట్ (గుళికల) మేతకు చిక్కటి గంజితో పట్టించి నీడలో ఆరబెట్టండి. పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే మోతాదు 100 కిలోల మేతకు కిలో పొడి, అటూ ఇటూగా.

మూడోది, ఆపకుండా పెట్టడం. చలికాలం జబ్బుల ముందు రెండు మూడు వారాలు పెట్టి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ పెట్టండి. నెలల తరబడి ఒకటే పెడితే ఆ స్పందన మొద్దుబారుతుంది.

సమస్య: సాయంత్రం తీస్తే మేత సంచి సగం నిండుగానే ఉంది

కారణం: పొడికి ముక్కిన వాసనో, బూజో. సరిగా ఆరని పుట్టగొడుగుకు పట్టిన బూజు విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అలాంటిది పారేయండి, కోళ్లకు కూడా వేయొద్దు. విరిస్తే పటుక్కున విరిగేదాకా ఆరబెట్టి, గాలి తగలని డబ్బాలో ఉంచాలి.

సమస్య: ఏ పుట్టగొడుగు వాడాలో తెలియడం లేదు

గట్టు మీద కొబ్బరి మొదట్లో గట్టి చిప్పలా లేచేది గానోడెర్మా. ఈ జాతి సారాలపైనే చాలా పరీక్షలు జరిగాయి. కానీ అది ఆ చెట్టుకు తెగులు. దానికి హెక్సాకోనజోల్ లాంటి తెగులు మందు పెట్టి ఉండొచ్చు, అలాంటిది కోయొద్దు. వర్షాలకు చెద పుట్టల మీద వచ్చేవి తినేవే అయినా, వాటిని పోలిన విష జాతులున్నాయి. ఉడికించినా కొన్నింటి విషం పోదు. పేరు తెలియనిది మేతలో కలపొద్దు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు పెంచేవాళ్ల దగ్గర ముక్కలైనవి చవగ్గా దొరుకుతాయి, బీటా గ్లూకాన్ వాటిలోనూ ఉంది. ఏది వాడినా ముందు హాపాలో (చెరువులో కట్టే వల తొట్టిలో) కొన్ని చేపలకు వారం రోజులు పెట్టి చూశాకే చెరువు మొత్తానికి.